కూలీ లెక్క బజారులో, పట్టాదారు లెక్క బీరువాలో

2025 జూన్‌లో ఒక రోజు పొద్దున్నే ఆఫీసు కాల్‌లో ఉన్నా. అవతల క్లయింటు మేనేజరు ఏదో డిఫెక్టు గురించి గొణుగుతున్నాడు. ఇంతలో ఫోను టింగుమంది. చూస్తే బ్యాంకు మెసేజీ, ఖాతాలో 27 వేలు పడ్డాయి. జీతం తారీఖు కాదు, ఎవరూ బాకీ లేరు. ఓ క్షణం ఆలోచిస్తే వెలిగింది... రైతు భరోసా! నాలుగెకరాల ఇరవై గుంటలకి, ఎకరానికి 6 వేల లెక్కన. నేను రైతునన్న సంగతి గవర్నమెంటు ఇలా సీజనుకోసారి నాకు గుర్తు చేస్తూ ఉంటుంది.

ఇంతకీ నేనెంత రైతునంటే, మా పత్తి చేలో చివరిసారి అడుగుపెట్టింది బతుకమ్మ పండక్కి ఊరెళ్ళినప్పుడు, అదీ మా అమ్మాయికి ఫోటో తీయడానికి. నర్సంపేట వైపు మా ఊళ్ళో ఆ భూమి నాన్న పేరున ఉండేది, తర్వాత నా పేరు మీదికి మారింది. పదిహేనేళ్ళుగా దాన్ని దున్నేదీ, విత్తేదీ, యూరియా బస్తా కోసం లైన్లో చెప్పులు పెట్టేదీ మా కౌలుదారు. నేను కాక అని పిలుస్తాను, ఆయన నన్ను బిడ్డా అంటాడు. ఎకరానికి 12 వేలు కౌలు. వాన పడ్డా, పడకపోయినా.

నీతులు చెప్పడానికి కూర్చోలేదు. చెప్పే అర్హత నాకు లేదని కింద మీకే తెలుస్తుంది.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజనుకి 4 వేలు, మరుసటి ఏడాది నుంచి 5 వేలు. ఎకరాల మీద పరిమితి లేదు. ఇన్‌కంటాక్సు కడతావా, ఉద్యోగం చేస్తావా, అమెరికాలో ఉంటావా అన్న ప్రశ్న లేదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరుందా లేదా, అంతే. మొదటి విడత చెక్కులిచ్చారు గుర్తుందా? మా ఊళ్ళో బడి ముందు టెంటు వేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, చేతిలో పెట్టారు. ఎవరికెన్ని ఎకరాలో, ఎవరికెంత చెక్కో ఊరంతా చూసింది. హైదరాబాదు నుంచి కార్లేసుకుని వచ్చినవాళ్ళని చూసి ముసలమ్మలు నవ్వారు కూడా. నేను కూడా వెళ్ళి తెచ్చుకున్నా. కాక అక్కడే చింతచెట్టు కింద నిలబడి ఉన్నాడు. మొహమాటమేసి అక్కడికక్కడే "కాకా, ఈ పైసలల్ల సగం కౌలుల కొట్టేద్దాం" అన్నాను. నాకు మా మంచి పేరొచ్చింది.

రెండో విడత నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడటం మొదలైంది. టెంటు లేదు, పిలుపు లేదు, చింతచెట్టు లేదు. ఒక మెసేజీ, అంతే.

2022 వానాకాలం. కాక ఫోన్ చేశాడు.

"బిడ్డా, రైతుబంధు పడ్డయా? ఊళ్ళె అందరికి పడుతున్నయంటున్నరు."

"ఇంకా లేదు కాకా. రోజుకో ఎకరం లెక్కన ఏస్తున్నరు గదా, మన దాకా రాలే."

"సరే తియ్. పడ్డప్పుడే చూద్దాం."

అప్పటికే పడి నాలుగు రోజులైంది. 22,500. ఫ్లాటు ఈఎంఐలో కలిసిపోయింది కూడా. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చెప్పలేను. మొదట ఎకరం లోపు వాళ్ళకి, తర్వాత రెండెకరాల వాళ్ళకి అని వరస పెట్టి వేసే పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. ఆ సీజను కౌలు పూర్తిగా తీసుకున్నా. కాక మళ్ళీ అడగలేదు. అడిగినా ఏం చేస్తాడు? నాకు పడిందో లేదో తెలుసుకోవాలంటే నా పాసుపుస్తకం నంబరు కావాలి. అది హైదరాబాదులో నా బీరువాలో ఉంది.

ఇదీ నా ఫిర్యాదు. నా మీద నేనే చేసుకునే ఫిర్యాదు అనుకోండి. 2018లో ఊరంతా చూస్తుండగా చెప్పలేని అబద్ధం, 2022లో ఫోనులో చెప్పగలిగాను. మధ్యలో నేను చెడిపోయానని కాదు. మధ్యలో జాబితా మాయమైంది.

మా టీములో పదిహేను మందిమి. లంచ్ దగ్గర కదిపితే ఆరుగురికి పడ్డాయని తేలింది. ఒకాయన షాద్‌నగర్ అవతల పెట్టుబడి కోసం కొన్న రెండెకరాలకి కూడా తీసుకున్నాడు, అక్కడ ఏ పంట పండుతుందో ఆయనకి తెలియదు. "మనం కట్టే ట్యాక్సే కదా గురూ, రీఫండు అనుకో" అన్నాడు. అందరూ నవ్వాం. దీంట్లో చట్టవిరుద్ధం ఏమీ లేదు, ముందే చెబుతున్నా. పథకం పట్టాదారుకిస్తానంది, మనం పట్టాదారులం, తీసుకున్నాం. మరి అంత న్యాయమైన డబ్బయినప్పుడు పేరు, ఎకరాలు, మొత్తం పంచాయతీ ఆఫీసు గోడకి అతికిస్తే మనకేమిటి ఇబ్బంది? ఆ మాట అనగానే టేబులు మీద నవ్వు ఆగిపోయింది. "అదేంటి, ప్రైవసీ ఉండక్కర్లా?" అన్నారు.

ఆ ప్రైవసీ ఎవరికుందో, ఎవరికి లేదో చూద్దాం.

ఉపాధి హామీ పథకం 2006లో మొదలైంది. మన రాష్ట్రం అప్పట్లో దేశానికే ఆదర్శం అనిపించుకుంది, ఎందుకంటే మస్టర్లు, కొలతలు, చెల్లింపులు అన్నీ కంప్యూటరెక్కించింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది టీసీఎస్ వాళ్ళు, అంటే మనవాళ్ళే. ఊరి పేరు, జాబ్‌కార్డు ఎంచుకుంటే ఏ కూలీ ఏ వారం ఎన్ని రోజులు మట్టి మోసిందో, ఎన్ని రూపాయలు వచ్చాయో ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నవాడికైనా కనిపించేది. అది చాలదని సామాజిక తనిఖీ పెట్టారు. ఊళ్ళో యువకులు ఇంటింటికీ తిరిగి "నీకు ఇన్ని రోజులు పని ఇచ్చినట్టు రాసుంది, నిజమేనా?" అని అడిగేవారు. ఆ తర్వాత సభ పెట్టి మైకులో చదివేవారు. 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. చచ్చిపోయినవాళ్ళ పేర్ల మీద రాసిన మస్టర్లు, ఊళ్ళో లేనివాళ్ళకిచ్చిన కూలీ, అన్నీ ఆ మైకు ముందే బయటపడ్డాయి. రాజస్థాన్‌లో అయితే పంచాయతీ గోడల మీద పెయింటుతో రాశారు కూడా. (2025 డిసెంబరులో పార్లమెంటు ఆ ఉపాధి హామీ చట్టం స్థానంలో ఇంకొకటి తెచ్చింది. ఆ గొడవ ఇంకోసారి.)

నేను ఆ తనిఖీని తప్పు పట్టడం లేదు. చాలా గొప్ప పని. కానీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఎండలో గుంత తవ్విన మనిషికి వచ్చిన కూలీ డబ్బులు మైకులో చదివారు. అది కష్టార్జితం, సబ్సిడీ కాదు. ఏసీ గదిలో కూర్చున్న నాకు ఊరికే వచ్చిన డబ్బు మాత్రం నా వ్యక్తిగత విషయం! కూలీకి లేని సిగ్గూ మర్యాదా నాకెక్కడి నుంచి వచ్చాయి? పట్టా నుంచి వచ్చాయి, ఇంకెక్కడి నుంచి.

ఇంకో తమాషా చూడండి. 2025 జనవరి 26న తెలంగాణ ప్రభుత్వం రైతు భరోసాతో పాటు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా మొదలుపెట్టింది, భూమి లేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు. దానికి అర్హత ఏమిటి? 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలి. అంటే 19 రోజులు చేసినామెకి రాదు. ఆమె కుటుంబం మొత్తానికి 12 వేలు రావాలంటే ఇరవై రోజుల చెమట రికార్డులో ఉండాలి. ఒక ఎకరానికి అదే 12 వేలు పట్టాదారుకి రావడానికి ఒక్క రోజు కూడా చేనులో కనపడక్కర్లేదు. ఈ లాజిక్కుని ఎవరైనా కోడ్ రివ్యూకి పంపితే మనం పాస్ చేస్తామా?

కౌలుదారులకి కూడా ఇస్తామని 2023 ఎన్నికల్లో చెప్పారు, ఎకరానికి ఏడాదికి 15 వేలన్నారు. తీరా ఇచ్చినప్పుడు 12 వేలయింది, కౌలుదారు జాడ లేదు. అసలు కౌలుదారుని గుర్తించే చట్టం లేక కాదు. 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. ఆంధ్రాలో 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, అదే ఏడాది మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకి చోటిచ్చారు. అయితే కార్డు కోసం భూమి యజమాని సంతకం పెట్టాలి, మనం పెట్టం. ఆ సంగతి అందరికీ తెలిసిందే.

సరే, అసలు విషయానికొద్దాం. రైతుబంధు కింద 2018 నుంచి 2023 దాకా పంచిన డబ్బు 70 వేల కోట్లు దాటింది. గుట్టలకీ, రోడ్లకీ, ప్లాట్లు కోసి అమ్మేసిన వెంచర్లకీ కూడా పోయిందని తర్వాత వచ్చిన ప్రభుత్వమే చెప్పింది. ఆ లెక్క ఎంతవరకు నిజమో, ఎంతవరకు రాజకీయమో నేనూ మీరూ తేల్చుకోవాలంటే ఏం కావాలి? ఊరి వారీగా, పేరు వారీగా, ఎకరాల వారీగా చెల్లింపుల పట్టిక. అది సర్కారు సర్వర్లో ఉంది. ఉంటేనే కదా మెసేజీ వచ్చింది! పాతవాళ్ళూ బయట పెట్టలేదు, వీళ్ళూ 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి సాగుకి పనికిరాని భూముల లెక్క తీశారు గానీ, ఎవరికెంత వెళ్ళిందన్న పట్టిక జోలికి పోలేదు. ప్రతిపక్షం కూడా అడగదు. ఎందుకడుగుతుంది, ఆ పట్టికలో అన్ని జెండాల వాళ్ళూ ఉంటారు.

"మరి చట్టం ఒప్పుకోవద్దా" అంటారేమో. ఒప్పుకోవడం కాదు, ఆదేశించింది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షను 4(1)(బి), పన్నెండో అంశం తీసి చదవండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులెవరో ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రకటించాలని ఉంది. ఎవరూ అడగక్కర్లేదు. చట్టం వచ్చిన 120 రోజుల్లో చెయ్యమన్నారు. ఇరవై ఏళ్ళు దాటిపోయింది.

ఇప్పుడు ఆ తలుపుకి ఇంకో తాళం పడింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సెక్షను 44(3) అని ఒక చిన్న వాక్యం పెట్టి, సమాచార హక్కు చట్టంలో 8(1)(జె)ని మార్చేశారు. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారం ఇవ్వనని చెప్పాలంటే, దానికి ప్రజావ్యవహారాలతో సంబంధం లేదనో, ఇస్తే ఒకరి ఏకాంతానికి అన్యాయంగా భంగమనో అధికారి చూపించాల్సి వచ్చేది. శాసనసభకి ఇవ్వగలిగేది పౌరుడికీ ఇవ్వాల్సిందే అన్న మాట కూడా అక్కడే ఉండేది. ఇప్పుడవేమీ లేవు. "వ్యక్తిగత సమాచారం" అన్న రెండు ముక్కలు మిగిలాయి. ఎవరి పేరైనా వ్యక్తిగతమే కదా! పైగా సెక్షను 8 మొదలయ్యేదే "ఈ చట్టంలో ఏమున్నప్పటికీ" అని. అంటే సెక్షను 4 ఇవ్వమన్నది సెక్షను 8 చూపించి ఎగ్గొట్టొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువనిపిస్తే ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా బతికే ఉంది గానీ, అనిపించాల్సింది అధికారికి, మనకి కాదు. డేటా రక్షణ చట్టం రాగానే మనవాళ్ళం ఆఫీసుల్లో కంప్లయన్సు ట్రైనింగులు తీసుకుని సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం, ఈ 44(3) గురించి ఒక్క స్లైడు కూడా నాకైతే కనపడలేదు.

ప్రైవసీ వాదన ఉత్తదే అని నేననను. 2017లో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్ళు ఒక నివేదిక ఇచ్చారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బట్టబయలుగా ఉండవచ్చని తేల్చారు. వాటిలో రెండు ఆంధ్రావే, ఒకటి ఈ ఉపాధి హామీ చెల్లింపులది. అంటే కూలీ విషయంలో పేరూ కూలీ మాత్రమే కాదు, దాచాల్సిన నంబరు కూడా బజార్న పెట్టారు. అది తప్పు. కానీ ఆ తప్పుకి మందు ఆధార్ కాలమ్ తీసెయ్యడం, పట్టిక మొత్తం తీసెయ్యడం కాదు. ఏ కాలమ్ చూపించాలో, ఏది మాస్క్ చెయ్యాలో తెలియనంత కొత్త పని కాదిది. మనలో సగం మంది పొద్దున లేస్తే చేసేది అదే.

యూరప్‌లో ఈ గొడవ కోర్టుదాకా వెళ్ళింది. వ్యవసాయ సబ్సిడీ తీసుకున్న ప్రతివాడి పేరూ నెట్‌లో పెడుతుంటే జర్మనీలో హెస్సె రాష్ట్రం రైతులు అభ్యంతరం చెప్పారు. 2010 నవంబరు 9న యూరోపియన్ కోర్టు, ఎంత తీసుకున్నాడు, ఎన్నాళ్ళు తీసుకున్నాడు అన్న తేడా లేకుండా వ్యక్తులందరి పేర్లూ పెట్టడం అతి అని కొట్టేసింది. వాళ్ళు అక్కడితో ఆగి బీరువాకి తాళం వేసుకోలేదు. 2013లో కొత్త నిబంధన రాసుకుని, చిన్న మొత్తాలు తీసుకునేవాళ్ళ పేర్లు దాచి, మిగతావాళ్ళవి మళ్ళీ పెట్టారు. నాకిది సబబుగా ఉంది. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతు పేరు చూసి అప్పులవాడు మెసేజీ పడిన రోజే గుమ్మం ముందు కూర్చుంటాడన్న భయం నిజమే. సరే, నెట్‌లో ఆ పేర్లు వద్దు, గ్రామసభలో చదివితే చాలు. ఐదెకరాలు దాటినవాడికీ, ఊళ్ళో ఉండనివాడికీ ఆ భయం ఎక్కడిది? ఇరవై ఎకరాలకి సీజనుకి లక్షా ఇరవై వేలు తీసుకునే పెద్దమనిషి గుమ్మం ముందు ఎవరు కూర్చుంటారు?

అమెరికా సంగతీ ఇంతే. వ్యవసాయ శాఖ పేర్లు ఇవ్వనంటే వాషింగ్టన్ పోస్టు కోర్టుకెళ్ళి 1996లో గెలిచింది. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూపు అనే సంస్థ ఆ రికార్డులన్నీ తీసుకుని 2001లో పేరు కొడితే వచ్చేలా డేటాబేసు పెట్టింది. 2006లో పోస్టు మళ్ళీ తవ్వింది. 2000 నుంచి అసలు సేద్యమే చెయ్యనివాళ్ళకి 130 కోట్ల డాలర్లు వెళ్ళాయని రాసింది. టెక్సాస్‌లో ఒకప్పుడు వరి పండిన భూమిలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకి, పెరట్లో గడ్డికి కూడా వరి సబ్సిడీ వచ్చిందట! మన వెంచర్లే, కాకపోతే డాలర్లలో. 2008 ఫార్మ్ బిల్లులో ఒక సెక్షను పెట్టి, పొలాల హద్దులూ మ్యాపుల డేటా మళ్ళీ మూసేశారనుకోండి. తెరిచిన ప్రతి తలుపునీ ఎవడో ఒకడు వెనకనుంచి నెడుతూనే ఉంటాడు.

జాబితా పెడితే దొంగతనం ఆగిపోతుందా? ఆగదు. కేంద్రం పీఎం కిసాన్‌కి ఊరి వారీగా పేర్లు పెట్టింది, అయినా 42 లక్షల మంది అనర్హులకి దాదాపు 3 వేల కోట్లు వెళ్ళిందని 2021 జులైలో వ్యవసాయ మంత్రే లోక్‌సభలో ఒప్పుకున్నాడు. ట్యాక్సు కట్టేవాళ్ళు తీసుకోకూడదన్న నియమం ఉండబట్టే, ఎంతమంది మీరారో లెక్క తేలింది. రైతుబంధులో ఆ నియమమూ లేదు, పట్టికా లేదు. అందుకే అక్కడ అనర్హుడంటూ ఎవడూ దొరకడు.

ఇక "ఊళ్ళో అసూయలు పెరుగుతాయి" అనేవాళ్ళకి ఒకటే మాట. ఎవరికెన్ని ఎకరాలున్నాయో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది ఖజానా నుంచి ఎంతొచ్చిందో మాత్రమే. అది తెలిస్తే కౌలుదారు బేరం ఆడతాడు. "నీకు ఎకరానికి 12 వేలు సర్కారే ఇస్తుంటే నా దగ్గర ఇంకో 12 వేలు ఎట్ల తీసుకుంటవ్?" అని అడుగుతాడు. మనకి నచ్చని అసూయ ఇదే. దీనికి మనం పెట్టుకున్న ముద్దుపేరు ప్రైవసీ.

2026 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కాకకి 2022 సంగతి చెప్పేశా. చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ ఆర్పి "నాకెర్కనే బిడ్డా" అన్నాడు. ఎలా తెలుసని అడగలేదు. బ్యాంకులో ఎవరైనా చెప్పారేమో, లేదా నా గొంతులోనే తెలిసిపోయిందేమో. ఆ సీజను సగం వాటా 11,250 తిరిగిస్తానంటే "ఇత్తనాలప్పుడు చూద్దాం తియ్" అని లేచి వెళ్ళిపోయాడు.

మండల వ్యవసాయాధికారి ఆఫీసుకి దరఖాస్తు రాశాను. మా ఊరి రెవెన్యూ గ్రామంలో 2018 వానాకాలం నుంచి ప్రతి సీజనుకీ పట్టాదారు పేరు, విస్తీర్ణం, చెల్లించిన మొత్తం. ఆధార్ వద్దు, ఖాతా నంబర్లు వద్దు, ఫోన్లు వద్దు అని కూడా రాశా. కింద సెక్షను 4(1)(బి), దాని కింద ముందుజాగ్రత్తగా 8(2). మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, గడువు 30 రోజులు. ఇస్తారో, 8(1)(జె) అని ముద్ర కొట్టి పంపుతారో చూడాలి. ఇస్తే ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఒకటి కాక ఇంట్లో ఇస్తాను. కాక చదువుకోలేదు. వాళ్ళబ్బాయి నర్సంపేటలో డిగ్రీ చేస్తున్నాడు, వాడు చదువుతాడు. అక్షరక్రమంలో పెడితే నా పేరు మూడో పేజీలో వస్తుందనుకుంటా.